మోటుపల్లి అభయము

దేశరక్షణ మనగానే మనకు కోటలు, సైన్యములు, సరిహద్దులు స్ఫురించును. అది సహజమే. చరిత్ర గ్రంథములలో పెక్కు పుటలను యుద్ధములే ఆక్రమించుకొన్నవి. కాని ప్రజల నిత్యజీవనమునకు మరియొక రక్షణ కూడ కావలయును. పంట పండించినవాడు ధాన్యమును సంతకు తోలుకొనిపోయి అమ్మి, ఆ రూకలతో ప్రొద్దు గ్రుంకకముందే ఇల్లు చేరుకొనుట. వచ్చు ఏడు గూడ కొనువారుందురను ధైర్యముతో నేతగాడు ఈ ఏడు మగ్గమును కట్టిపెట్టకుండుట. పొరుగు దేశపు వర్తకుడు మన యూర నిర్భయముగా బస చేయుట — ఇవి యన్నియు ఆ రక్షణకు ఫలములు. దీనికి మన పూర్వులు వాడిన మాట చిన్నది: అభయము. ఆ మాటను రాతిపై చెక్కించి, దానికి ప్రతిగా రాజు పుచ్చుకొనదగిన సుంకమును గూడ నిర్ణయించిన శాసన మొకటి తెలుగు దేశమున కలదు. దానిని ఆధారముగా గొని, ఇంటి భద్రతకును, మానవుని స్వేచ్ఛకును, జీవనోపాధికిని గల సంబంధమును పరిశీలింతము.

చీరాలకు దక్షిణమున, చినగంజాము చెంత, సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. నేడది చిన్న పల్లె. కాకతీయుల కాలమున అది తూర్పు తీరమున పేరెన్నికగన్న రేవుపట్టణము. 1199 మొదలు 1262 వరకు ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి తన పాలన తొలినాళ్ళలోనే వెలనాటిని, దివిసీమను వశపరచుకొనగా, కాకతీయ రాజ్యమునకు సముద్రము అందుబాటులోనికి వచ్చెను. అయితే తీరము స్వాధీనమైనంత మాత్రమున ఓడలు రావు. ఖడ్గముతో రేవును గెలువవచ్చును. వర్తకుని మనస్సును గెలుచుటకు ఖడ్గము చాలదు. ఆ మనస్సును శంకింపజేయు పాత ఆచార మొకటి ఆ కాలమున తీరమున పాతుకొనియుండెను.

ఆ ఆచారమేమనగా: ఒక దేశమునుండి మరియొక దేశమునకు బయలుదేరిన ఓడ తుపానునకు చిక్కి, పగిలి, ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో, అందలి సరకంతయు ఆ తీరమునేలు రాజుదే. బంగారము గాని, ఏనుగులు గాని, గుఱ్ఱములు గాని, రత్నములు గాని, దేనికిని మినహాయింపు లేదు. ఓడ యజమాని బ్రతికి బయటపడి, "ఇది నాది" యని మొరపెట్టుకొన్నను వినువాడు లేడు. సముద్రుడు విడిచిపెట్టిన దానిని రాజు పట్టుకొనెడివాడన్నమాట. గణపతిదేవుడు ఈ సంగతిని దాచలేదు. పూర్వపు రాజులు ఇట్లు బలాత్కారముగా హరించుచుండిరని తన శాసనముననే చెప్పించెను.

మోటుపల్లి వీరభద్రాలయము నెదుట గల మండప స్తంభముపై ఆ శాసనము చెక్కబడియున్నది. కాలము శక సంవత్సరము 1166, అనగా క్రీస్తు శకము 1244-45. ద్వీపాంతరములకును, దేశాంతరములకును, పట్టణములకును సముద్రముపై రాకపోకలు సాగించు వర్తకులను ఉద్దేశించి చక్రవర్తి పలికిన మాటల సారాంశ మిది: ధనము ప్రాణముకంటెను గొప్పదని యెంచి, సముద్రయానమను మహాసాహసమునకు పూనుకొన్నవారికి, నిర్ణయింపబడిన సుంకము తప్ప తక్కిన సమస్తమును, కీర్తి కొరకును ధర్మము కొరకును, దయతో విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకమెంత? ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకటి. అనగా నూటికి మూడు రూకలు, పైన కొంచెము చిల్లర. గంధము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పగడములు, రాగి, తగరము, సీసము, పట్టునూలు, మిరియములు, పోకచెక్కలు మున్నగు వస్తువులకు వేరువేరు లెక్కలు గూడ ఆ రాతిపై కలవు.

ఈ శాసనమున మనము గమనింపదగిన విషయములు మూడు. మొదటిది: ఇందు అభయ మెవరినుండి? తుపానునుండి కాదు, తుపాను రాజాజ్ఞకు లోబడదు. ఓడదొంగలనుండియు కాదు, దొంగల ప్రసక్తియే యిందు లేదు. ఈ అభయము రాజునుండి రాజే యిచ్చినది. దొంగ దోచిన రాజుతో చెప్పుకొందుము. రాజే దోచిన ఎవరితో చెప్పుకొందుము? కంచెయే చేను మేయు చోట ఎంత ఎత్తైన కంచె వేసినను పైరు దక్కదు. కావున రక్షణకు తొలిమెట్టు రక్షకుడు తన చేతిని తాను కట్టుకొనుట.

రెండవది: సుంకము నిర్ణీతమైనది. ముప్పదింట నొకటి యనునది తక్కువయా, ఎక్కువయా యను ప్రశ్నకంటె, అది ముందుగా తెలిసిన లెక్క యనుట ముఖ్యము. ఓడను నింపునాడే వర్తకుడు తనకు మిగులునదెంతయో గణించుకొనగలడు. ఆ గణనము సాధ్యమైనపుడే అప్పు పుట్టును, భాగస్వామి దొరకును, సరకు కదలును. అధికారి ముఖము చూచి సుంకము మారు చోట గణనము లేదు, జూదము మాత్రమే కలదు.

మూడవది: ఈ మాట రాతిపై, రేవులో, వచ్చుపోవువారందరు చూచు తావున నిలుపబడినది. చెవిలో చెప్పిన అభయమును మరునాడు కాదనవచ్చును. పదిమంది యెదుట చెక్కించిన దానిని కాదనుట రాజునకైనను కష్టము. సుంకరి తన చేతివాటము చూపబోయినపుడు, వర్తకుడు వ్రేలు చాచి చూపుటకు అక్కడ నొక స్తంభము కలదు.

ఈ భావము గణపతిదేవునితోనే పుట్టినదని మనము చెప్పుకొననక్కరలేదు. గాలివానకు చిక్కి వచ్చిన ఓడను రేవు అధికారి తండ్రివలె ఆదరింపవలెననియు, నీట తడిసిన సరకునకు సుంకము మాన్పుటయో సగమునకు తగ్గించుటయో చేయవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. శాస్త్రమున ధర్మముండియు, తీరమున దోపిడి సాగినదన్నమాట. ఇది మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. ఇంగ్లండున సయితము పగిలిన ఓడ సరకుపై రాజునకు హక్కుండెను. మోటుపల్లి శాసనము వెలసిన ముప్పది యేండ్లకు, 1275లో, వెస్టుమినిస్టరున చేయబడిన చట్టము ఆ హక్కునకు హద్దు విధించినది. ఓడనుండి మనిషియో, కుక్కయో, పిల్లియో ప్రాణముతో తప్పించుకొనినచో ఆ ఓడను దిక్కులేనిదిగా ఎంచరాదనియు, సొంతదారు ఏడాది మీద నొక దినములోపల వచ్చి నిరూపించుకొన్నచో సరకును తిరిగి ఈయవలెననియు దాని తాత్పర్యము. ఒకరి నొకరెరుగని రెండు దేశములు ఒకే శతాబ్దమున ఒకే అన్యాయమును సవరించుకొనుటకు పూనుకొన్నవి.

రేవున అభయమున్నంత మాత్రమున రేవు నిండదు. ఓడలోని కెక్కు సరకు లోనాటి పల్లెలనుండి రావలయును. అక్కడ మగ్గములాడవలయును, బండ్లు నడువవలయును, పెరికె యెద్దులు బరువుతో అడవులు దాటవలయును. గ్రామమున తలారి కాపలా, బాటలపై రాకపోకలకు భద్రత లేనిచో మోటుపల్లి స్తంభము వట్టి రాయిగనే మిగిలిపోవును. ఆ కాలమున లోనాట కొంత స్థిరత్వముండెననుటకు చెరువులే సాక్ష్యము. 1213లో రేచర్ల రుద్రుడు నిర్మించిన రామప్ప దేవాలయమును, దాని చెంతనున్న చెరువును, అటులే పాకాల చెరువును మనమెరుగుదుము. చెరువు త్రవ్వించుట ఒక యేటి లాభము కొరకు చేయు పని కాదు. తాను, తన సంతానము ఆ నేలపైనే బ్రతుకుదురను నమ్మకమున్నవారే కట్ట వేయింతురు, ఆ కట్ట క్రింద పొలము చదును చేయుదురు. ఇల్లు వదలి పరుగెత్తవలసివచ్చునను భయమున్నవాడు గింజను భూమిలో వేయడు, మూట గట్టుకొనును.

పదమూడవ శతాబ్దము చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో మన దేశమును గూర్చి వ్రాయుచు, ఈ రాజ్యమును దాని రేవు పేరనే "ముత్‌ఫిలి" యనెను. మోటుపల్లియే విదేశీయుని నోట అట్లు మారినది. ఇచట రాణి ధర్మబుద్ధితో, శాంతిప్రియత్వముతో ఏలెననియు, ఇచటి వజ్రములు, సాలెగూటి పోగులవంటి సన్నని వస్త్రములు సాటిలేనివనియు అతడు వర్ణించెను. ఆ రాణి మన రుద్రమదేవియే. ఆమెను మృతుడైన రాజుయొక్క భార్యగా అతడు భ్రమించెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని మనకు తెలియును. సంబంధమును పొరబడినను, అతడు పరిపాలనను, సరకును పక్కపక్కన పేర్కొనుట గమనింపదగినది. పరదేశపు వర్తకుని కన్నునకు న్యాయము, నాణ్యము ఒకే చోట కానవచ్చినవి.

రాజిచ్చిన మాట రాజ్యముతో నిలుచును, రాజ్యముతో కూలును. 1323లో ఓరుగల్లు పతనమయ్యెను. దేశము అల్లకల్లోలమైనది. తరువాత తీరసీమ నేలిన రెడ్డి రాజులలో అనవోతారెడ్డి 1358లో అదే మోటుపల్లియందు వర్తకులకు మరల అభయ శాసనము వ్రాయింపవలసివచ్చెను. ఇందు పాత అభయమునకు తోడు క్రొత్త మాటలు చేరినవి. మోటుపల్లికి వచ్చి కాపురముండగోరు వర్తకులను గౌరవించి భూములిత్తుమనియు, తెచ్చిన సరకును వారు తమ యిష్టము వచ్చినవారికి అమ్ముకొనవచ్చుననియు, దానిని బలవంతముగా గైకొనమనియు, వారు వెడలిపోదలచినపుడు అడ్డుపెట్టమనియు రాజు మాట యిచ్చెను. పుత్రులు లేక చనిపోయినవాని సొత్తును రాజు గైకొను "అపుత్రిక" అను ఆచారమును గూడ విడిచిపెట్టెను.

వెడలిపోదలచినవారిని ఆపమను మాటయొద్ద మనమొక క్షణము నిలువవలయును. రక్షణ పేర మనుష్యులను బంధించి యుంచుట సులభము. పంజరమున చిలుకకు పిల్లి భయము లేదు. అంత మాత్రమున దానిది స్వేచ్ఛ కాదు. ఇచ్చవచ్చినపుడు పోగలిగియు పోకుండుటయే నమ్మకము. అనవోతారెడ్డి శాసనము రక్షణను, స్వేచ్ఛను ఒకే వాక్యక్రమమున చేర్చినది. దాని ఫలితమును తరువాతి తరమున చూడగలము. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టి సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టును తెప్పించెడివాడు. శ్రీనాథుడు తన హరవిలాసమును అంకితమిచ్చినది ఈ వర్తకునకే. ఇట్లు వాణిజ్యము సాహిత్యమును గూడ పోషించినది.

ఇది అభయమున్ననాటి చిత్రము. అభయము తొలగిననాడు ఏమగునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. మోటుపల్లి చిరకాలము చేరియుండిన గుంటూరు సీమయందే, 1816 మార్చి మాసమున జరిగిన సంఘటన చాలును. అప్పటికి ఆ ప్రాంతము ఈస్టిండియా కంపెనీ యేలుబడిలో నుండెను. నర్మదా తీరమునుండి వచ్చిన పిండారీ గుఱ్ఱపు దండు కంపెనీ సీమలోనికి చొరబడి, పన్నెండు దినములైనను నిండకుండ 339 గ్రామములను దోచినది. తరువాత జరిగిన అధికార విచారణలో తేలిన లెక్కల ప్రకారము 182 మంది చంపబడిరి. 505 మంది తీవ్రముగా గాయపడిరి. 3,603 మంది చిత్రహింసల పాలైరి. దాచిన ధనము చూపుమని పెట్టిన హింసలే అవి. గుంటూరు పట్టణములో చాల భాగము దోపిడికి గురియైనది. కలెక్టరు భవనమున కొద్దిమంది సైనికులు చేరి గట్టిగా నిలిచినందున ప్రభుత్వ ధనాగారము మాత్రము దక్కినది.

ధనాగారమును కాపాడిన సైనికులు తమ ధర్మమును నెరవేర్చిరి, వారిని నిందింపరాదు. కాని ఆ పన్నుల ధనము ఎవరి చెమటనుండి వచ్చినదో, వారి పల్లెలకు కావలి లేకపోయెను. సర్కారు పెట్టె భద్రము, రైతు యిల్లు శూన్యము! 1817-18లో జరిగిన యుద్ధముతో కంపెనీ పిండారీలను అణచివేసినది. గుఱ్ఱపు డెక్కల భయము తీరినది. ఇక ప్రజలకు పూర్తి అభయము దొరికినట్లేనా?

దీనికి ప్రత్యుత్తరము 1855లో వెలువడిన చెన్నపట్టణపు విచారణ సంఘము నివేదికలో నున్నది. చెన్నరాజధానిలో పన్ను వసూలు కొరకు ప్రజలను హింసించుచున్నారను ఆరోపణపై ఆ సంఘ మేర్పడెను. హింస నిజమే యని అది నిర్ధారించినది. పన్ను బాకీ పడినవారిని ఎండలో నిలువబెట్టుట, నడుము వంచి త్రాటితో కట్టివేయుట, వ్రేళ్ళను చెక్కల నడుమ నొక్కుట మున్నగునవి క్రింది యుద్యోగుల చేతులలో సాగుచుండెనని తెలిపినది. పన్ను వసూలు చేయువారే పోలీసు అధికారమును గూడ చెలాయించుచుండిరి. కావున బాధితుడు మొరపెట్టుకొనవలసినది బాధించినవానితోనే. పైయధికారి కచ్చేరి ఎంతో దూరము. 1859 నాటి మదరాసు పోలీసు చట్టముతో పోలీసు శాఖ రెవిన్యూనుండి వేరు చేయబడుటకు ఈ అనుభవము ముఖ్యకారణములలో నొకటి.

1816లో బాధించినవాడు గుఱ్ఱమెక్కి వచ్చెను. తరువాతి కాలమున బిళ్ళ తగిలించుకొని వచ్చెను. ఇద్దరి ప్రశ్నయు ఒక్కటే: దాచిన ధనమెక్కడ? బాటపై దొంగ లేకున్నంత మాత్రమున దేశమున భద్రత నెలకొన్నదనుట తొందరపాటు. మోటుపల్లి స్తంభము ఆరువందల యేండ్లకు ముందే చెప్పిన తొలి పాఠము ఇచట మరువబడినది. బయటి దొంగను ఆపు చేయి, తన్ను తాను ఆపుకొననంతవరకు అభయము సగమే.

అట్లని కాకతీయ, రెడ్డి రాజుల కాలమును స్వర్ణయుగమని పొగడి ఊరకుండుటయు తగదు. ఆ అభయములు ముఖ్యముగా వర్తకులకు సంబంధించినవి. సుంకము తెచ్చువాని కిచ్చినవి. అవి రాజు దయపై ఆధారపడినవి. "దయతో విడిచిపెట్టుచున్నాము" అను మాటయందే వాని పరిమితి కలదు. దయతో ఇచ్చినది దయ తప్పిననాడు పోవును. అందుచేతనే నూరేండ్లు తిరిగిన కొలదికాలమునకే మరియొక రాజు మరల వ్రాయింపవలసివచ్చెను.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము ఈ దయను హక్కుగా మార్చినది. చట్టాధికారము లేక ఏ పన్నును విధింపరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణము చెప్పుచున్నది. ముప్పదింట నొకటి యను నిర్ణీత సుంకమునకు ఇది విస్తృతరూపము. దేశమంతట సంచరించుటకు, నివసించుటకు, వృత్తి వ్యాపారములు చేసికొనుటకు 19వ అధికరణము పౌరులకు స్వేచ్ఛ నిచ్చినది. ప్రాణమునకు, వ్యక్తిస్వేచ్ఛకు 21వ అధికరణము కావలి. భారతదేశమున నలుమూలల వాణిజ్యము స్వేచ్ఛగా సాగవలెనని 301వ అధికరణము. 1978 నాటి సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల వరుసనుండి తొలగింపబడినను, చట్టాధికారము లేక ఎవరి ఆస్తిని హరింపరాదను నియమము 300-ఏ అధికరణముగా నిలిచియున్నది. ఈ హక్కులకు చట్టము విధించు హద్దులును కలవు. కాని ఆ హద్దు న్యాయమైనదా కాదా యని ప్రశ్నించుటకు నేడు న్యాయస్థానము కలదు. మోటుపల్లి వర్తకునకు స్తంభము మాత్రమే యుండెను.

అయినను రాతిపై వ్రాసినది గాని, పుస్తకమున వ్రాసినది గాని తనంతట తాను కాపలా కాయదు. వీధిలో తోపుడుబండిపై పండ్లమ్ముకొను స్త్రీని తలచుకొందము. ఆమె పెట్టుబడి ఆ నాటి సరకు. ఆమె ఓడ ఆ బండియే. రోజూ ఎవరో వచ్చి అడుగు "మామూలు"నకు లెక్క లేదు, రసీదు లేదు. ఏ పూట ఆ బండిని తొలగింతురో, తక్కెడను లాగుకొందురో తెలియదు. ఇట్టివారి కొరకు 2014లో పార్లమెంటు వీధి విక్రేతల చట్టము చేసినది. సర్వే జరిపి ధ్రువపత్రము లీయవలెననియు, ఆ సర్వే ముగియకముందే వారిని వెళ్ళగొట్టరాదనియు దాని ఉద్దేశము. ఇదియు నొక అభయ శాసనమే. దాని విలువ ఆ స్త్రీ సాయంకాలము ఇంటికి తీసికొనిపోవు రూకలలోనే తేలును. ఆమె చీకటిపడిన పిమ్మట ఒంటరిగా ఇల్లు చేరగలుగుటయు ఆ లెక్కలోనిదే; భయముచే పెందలకడనే బండి కట్టివేసినచో, ఆ పోయిన రెండు గంటల బేరము భయమునకు చెల్లించిన పన్ను.

కావున ఒక దేశమున భద్రత యెంత యున్నదో తెలియుటకు ధనాగారపు గోడల మందము కొలిచిన చాలదు. ఒడ్డునకు కొట్టుకొనివచ్చినవాని సొత్తు వానికే దక్కుచున్నదా? చెల్లింపవలసినదెంతయో బలహీనునకు ముందుగా తెలియునా? ఉండదలచినవాడు ఉండుటకు, పోదలచినవాడు పోవుటకు వీలున్నదా? ఈ మూడు ప్రశ్నలకును అవునని చెప్పగలిగిన చోట మగ్గమాడును, బండి కదలును, ఓడ వచ్చును. మోటుపల్లి స్తంభము ఏడువందల యేండ్లకు పైబడి ఈ ప్రశ్నలనే అడుగుచున్నది. దానికి బదులు చెప్పవలసిన భారము ఆనాడు రాజుది. నేడు మన యందరిది.